చిన్న టెక్ కంపెనీ ఆదాయ అంచనా: అందులో అమ్ముడైనదెంత, అమ్మాల్సిందెంత

వచ్చే ఏడాది ఆదాయం 40 శాతం పెరుగుతుందని ఒక చిన్న టెక్నాలజీ కంపెనీ ప్రకటిస్తుంది. ఇన్వెస్టర్లలో కొందరు సంబరపడతారు, కొందరు నమ్మలేమంటారు. రెండు వర్గాలూ వాదించేది ఆ 40 గురించే. నిజానికి ఆ అంకె మీద ఎంతసేపు వాదించినా తేలేదేమీ ఉండదు, ఎందుకంటే అది ఒక అంకె కాదు. సంతకాలై నడుస్తున్న కాంట్రాక్టుల నుంచి వచ్చే డబ్బు, పాత కస్టమర్లు రెన్యూ చేస్తే వచ్చే డబ్బు, ఇంకా ఎవరికీ అమ్మని సరుకు మీద వస్తుందని ఆశించే డబ్బు, ఈ మూడూ కలిసి ఒక మొత్తంగా బయటికి కనిపిస్తాయి. మొదటిది దాదాపు ఖాయం. రెండోది అలవాటు మీద ఆధారపడింది. మూడోది, మొహమాటం లేకుండా చెప్పాలంటే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. ఈ మూడూ ఎంతెంతో విడదీయకుండా అంచనా బాగుందనడానికీ బాగాలేదనడానికీ ఆధారం ఉండదు.

పెద్ద కంపెనీల విషయంలో ఇంత తవ్వకం లేకపోయినా నడుస్తుంది. వేలమంది కస్టమర్లున్నచోట ఒకరు పోతే ఇంకొకరు వస్తారు, సగటు నిలబడుతుంది. చిన్న కంపెనీలో సగటు అనేదే ఉండదు. నలభై మంది కస్టమర్లలో ఇద్దరి నిర్ణయాలు ఏడాది మొత్తాన్నీ అటో ఇటో తిప్పేస్తాయి. పైగా ఆ కంపెనీని గమనించే అనలిస్టులు ఒకరో ఇద్దరో ఉంటారు. మార్కెట్ ఏకాభిప్రాయం అని రాసేది చాలాసార్లు ఆ ఇద్దరి సగటే. ఆ ఇద్దరూ తమ ఎక్సెల్ షీట్లను కంపెనీ యాజమాన్యం చెప్పిన అంకె చుట్టూనే అల్లుకుని ఉంటారు. అంటే వేర్వేరుగా కనిపించే మూడు అంచనాల వెనకా ఉన్నది ఒకే నోరు.

ఇప్పుడు ఒక ఊహా కంపెనీని తీసుకుని లెక్క వేద్దాం. సాఫ్ట్‌వేర్‌ను ఏడాది సబ్‌స్క్రిప్షన్ మీద అమ్ముతుంది. గత ఏడాది ఆదాయం 100. ఈ ఏడాది అంచనా 140.

గత ఏడాది మొదట్లో ఆ కంపెనీ చేతిలో నడుస్తున్న కాంట్రాక్టుల వార్షిక విలువ 80. ఏడాదిలో 8 విలువైన కస్టమర్లు వెళ్లిపోయారు, 36 విలువైన కొత్త కాంట్రాక్టులు వచ్చాయి. ఏడాది చివరికి చేతిలో ఉన్నది 108. ఈ రాకపోకలు ఏడాది పొడవునా సమానంగా జరిగాయనుకుంటే, సబ్‌స్క్రిప్షన్ ఆదాయం 80కీ 108కీ మధ్యన, అంటే 94. దానికి ఇన్‌స్టలేషన్, ట్రైనింగ్ లాంటి సర్వీసుల మీద వచ్చిన 6 కలిపితే 100.

ఈ ఏడాది 108తో మొదలవుతుంది. మళ్లీ 10 శాతం మంది వెళ్లిపోతారనుకుందాం. వాళ్లంతా జనవరి 1నే వెళ్లరు, ఏడాది పొడవునా ఒక్కొక్కరుగా వెళ్తారు కాబట్టి ఆదాయంలో పడే గండి 5 చిల్లర. మిగిలేది సుమారు 103. సర్వీసుల మీద 7 వస్తుందనుకుంటే 110. చెప్పిన 140 చేరాలంటే ఇంకో 30 కొత్త కస్టమర్ల నుంచి రావాలి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. కొత్త కాంట్రాక్టు మార్చిలో కుదిరితే ఈ ఏడాది తొమ్మిది నెలల ఆదాయమే లెక్కలోకి వస్తుంది. సెప్టెంబరులో కుదిరితే మూడు నెలలదే. ఏడాదంతా సమానంగా అమ్మితే సగటున ప్రతి కాంట్రాక్టు నుంచీ సగమే ఈ ఏడాది ఖాతాలో పడుతుంది. అంటే 30 ఆదాయం కావాలంటే 60 విలువైన కొత్త కాంట్రాక్టులు అమ్మాలి. గత ఏడాది అమ్మింది 36. ఆదాయం 40 శాతం పెరుగుతుందన్న మాటకు అసలు అర్థం, సేల్స్ టీమ్ గత ఏడాది కంటే 67 శాతం ఎక్కువ అమ్ముతుందని.

తిప్పి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. గత ఏడాది అమ్మినంతే, అదే 36, ఈసారీ అమ్మితే ఎంత వస్తుంది? 110కి 18 కలిపితే 128. కొత్తగా ఏ ఘనకార్యం చేయకపోయినా 28 శాతం వృద్ధి కనిపిస్తుందన్నమాట. ఇది ఈ ఏడాది ప్రతిభ కాదు, గత ఏడాది చేసిన అమ్మకాల వరస ఫలితం. ఇన్వెస్టర్లు నిజంగా చర్చించాల్సింది 100కీ 140కీ మధ్య ఉన్న 40 గురించి కాదు, 128కీ 140కీ మధ్య ఉన్న 12 గురించి. ఆ 12 ఎక్కడి నుంచి వస్తుందో కంపెనీ చెప్పగలగాలి.

సాధారణంగా వచ్చే జవాబు: సేల్స్ టీమ్‌ను పెంచుతున్నాం. మంచిదే. గత ఏడాది పది మంది కలిసి 36 అమ్మారంటే మనిషికి 3.6. అరవై అమ్మాలంటే పదిహేడు మంది కావాలి. ఏడుగురిని ఏడాది మొదటి రోజే తీసుకున్నారనుకున్నా, సంస్థలకు సాఫ్ట్‌వేర్ అమ్మే మనిషి కుదురుకుని మొదటి సంతకం తెచ్చేసరికి ఆరు నెలలు సులభంగా గడిచిపోతాయి. రెండో అర్ధభాగంలో ఆ ఏడుగురూ మనిషికి 1.8 చొప్పున 12.6 అమ్మారే అనుకుందాం. ఆ కాంట్రాక్టులు ఏడాది చివర్లో కుదిరాయి కాబట్టి సగటున మూడు నెలల ఆదాయమే ఈ ఏడాదికి పడుతుంది. అది 3 మాత్రమే. 128 కాస్తా 131 అవుతుంది, అంతే. రెన్యూ చేసే కస్టమర్లకు ధర 5 శాతం పెంచితే ఇంకో 2 చిల్లర. 134 దగ్గర ఆగిపోతాం.

మిగతా 6 పెద్ద కస్టమర్ ఎవరో ఒకరు సంతకం చేస్తారన్న నమ్మకం మీదో, పాత కస్టమర్లే ఎక్కువ లైసెన్సులు కొంటారన్న నమ్మకం మీదో నిలబడి ఉంటుంది. ఆ నమ్మకానికి ఆధారం ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ ఇన్వెస్టర్ల మీటింగులో అడగాల్సిన ప్రశ్న ఇప్పుడు చేతికొచ్చింది. వృద్ధి మీద మీకు ఎంత నమ్మకం ఉంది అని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే. గత ఏడాది పాత కస్టమర్లు తమ వాడకాన్ని ఎంత పెంచారు, ఈ ఏడాది ఎంత పెంచుతారని లెక్కలో వేసుకున్నారు అని అడిగితే మాత్రం జవాబు కోసం కాగితాలు తిరగేయాల్సి వస్తుంది.

ఈ లెక్కకు కావాల్సిన అంకెలన్నీ కంపెనీలు ఇవ్వవు. కొన్ని రాబట్టుకోవాలి. ఉదాహరణకు డిఫర్డ్ రెవెన్యూ. కస్టమర్ ఏడాది డబ్బు ముందే కట్టేస్తే, కంపెనీ దాన్ని వెంటనే ఆదాయంగా చూపకూడదు. సేవ అందించేకొద్దీ నెలనెలా ఆదాయంలోకి మార్చుకుంటూ రావాలి. అప్పటిదాకా అది బ్యాలెన్స్ షీట్‌లో అప్పుల వైపు కూర్చుని ఉంటుంది. ఒక క్వార్టర్ ఆదాయానికి, ఆ క్వార్టర్‌లో డిఫర్డ్ రెవెన్యూ ఎంత పెరిగిందో కలిపితే, ఆ మూడు నెలల్లో కస్టమర్లకు వేసిన బిల్లులు సుమారుగా తెలుస్తాయి. ఆదాయం 30 శాతం పెరుగుతూ, బిల్లులు మాత్రం 10 శాతమే పెరుగుతున్నాయంటే కొత్త అమ్మకాలు నెమ్మదించాయని అనుమానించాలి. ఆదాయం అద్దంలో వెనక బండిని చూపిస్తుంది, బిల్లులు ముందు రోడ్డును కొంతవరకైనా చూపిస్తాయి. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. గతంలో ఏడాదికోసారి డబ్బు కట్టించుకున్న కంపెనీ, పోటీ వల్ల నెలవారీ చెల్లింపులకు ఒప్పుకుంటే, అమ్మకాలు తగ్గకపోయినా డిఫర్డ్ రెవెన్యూ తగ్గుతుంది. మూడేళ్ల డబ్బు ముందే కట్టిన వాళ్లకు డిస్కౌంట్ ఇస్తే అమ్మకాలు పెరగకపోయినా అది ఉబ్బుతుంది. ఒక అంకెను చూసి తీర్పు చెప్పేయడం తొందరపాటే.

రెండోది, ఇంకా అందించాల్సిన కాంట్రాక్టుల విలువ. ఆదాయాన్ని ఎప్పుడు, ఎంత లెక్కలోకి తీసుకోవాలన్న విషయంలో అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎఫ్ఆర్ఎస్ 15నూ, దానికి సమానమైన అమెరికా ప్రమాణాన్నీ 2014 మేలో విడుదల చేశారు. అంతర్జాతీయ ప్రమాణం 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం కంపెనీలు సంతకాలైనా ఇంకా ఆదాయంగా మారని కాంట్రాక్టుల మొత్తాన్ని ఆర్థిక నివేదికల వెనక ఇచ్చే వివరణల్లో, అంటే నోట్స్‌లో చూపాలి. అంచనాలో ఎంత భాగం ఇప్పటికే చేతిలో ఉందో చూసుకోవడానికి ఇంతకంటే సూటి దారి లేదు. కానీ ఏడాది లేదా అంతకంటే తక్కువ కాలపు కాంట్రాక్టులను అందులో చూపకుండా వదిలేసే వెసులుబాటు కంపెనీలకు ఉంది. అందుకే ఒకే ఏడాది ఒప్పందాలు చేసుకునే మంచి కంపెనీకి ఈ అంకె బక్కగా, ఐదేళ్ల ఒప్పందాలు చేసుకునే నెమ్మది కంపెనీకి బలంగా కనిపిస్తుంది. రెండు కంపెనీలను ఈ అంకెతో పోల్చడం కంటే, ఒకే కంపెనీని దాని గత ఏడాదితో పోల్చుకోవడం మేలు.

ఇక ఏఆర్ఆర్. వార్షికంగా పదేపదే వచ్చే ఆదాయం అని దీని అర్థం. ఇన్వెస్టర్ ప్రెజెంటేషన్ల మొదటి స్లైడులోనే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. దీనికి ఏ అకౌంటింగ్ ప్రమాణంలోనూ నిర్వచనం లేదు. ఒక కంపెనీ సంతకమై ఇంకా మొదలు కాని కాంట్రాక్టునూ కలుపుతుంది. ఇంకొకటి మూడు నెలల ట్రయల్ ఫీజును నాలుగుతో గుణిస్తుంది. కొత్త కంపెనీల్లో, ముఖ్యంగా ఏఐ పేరు చెప్పుకునేవాటిలో, బాగా నడిచిన ఒక నెల ఆదాయాన్ని తీసుకుని పన్నెండుతో హెచ్చవేసి దాన్నే ఏఆర్ఆర్ అనేసే అలవాటు పెరిగింది. వాడిన మేరకే డబ్బు కట్టే కస్టమర్ వచ్చే నెల వాడకపోతే కట్టడు. అలాంటి డబ్బును పన్నెండుతో గుణించే హక్కు ఎవరికీ లేదు, కనీసం సబ్‌స్క్రిప్షన్ డబ్బుతో ఒకే పేరు పెట్టే హక్కయినా లేదు.

వాడకం మీద నడిచే ఆదాయం ఎంత తిప్పలు పెడుతుందో ట్విలియో కథ చెబుతుంది. యాప్‌ల నుంచి మెసేజీలు, కాల్స్ పంపే సదుపాయాన్ని అమ్మే ఈ కంపెనీకి 2017 మొదటి క్వార్టర్ ఆదాయంలో 12 శాతం ఒక్క ఉబర్ నుంచే వచ్చింది. ఆ మేలో ఫలితాలు ప్రకటిస్తూ, ఉబర్ తన వాడకాన్ని తగ్గించుకుంటోందని ట్విలియో చెప్పింది. షేరు ఒక్క రోజులో దాదాపు నాలుగో వంతు విలువ పోగొట్టుకుంది. అక్కడితో ఆగితే ఇది కస్టమర్ల కేంద్రీకరణ మీద రొటీన్ హెచ్చరిక అవుతుంది. తర్వాత జరిగింది కూడా చూడాలి. ఆ ఏడాది ముగిసేసరికి ట్విలియో ఆదాయం 39.9 కోట్ల డాలర్లు, 2016 కంటే 44 శాతం ఎక్కువ. ఉబర్ తగ్గించుకున్నా మిగతా వేల కస్టమర్ల వాడకం పెరుగుతూనే ఉంది. పెద్ద కస్టమర్‌ను తీసేసి మిగతా ఆదాయం ఎలా పెరుగుతోందో విడిగా చూసుకున్న వాళ్లకు ఆ పతనం వేరేలా కనిపించి ఉండాలి.

అదే ఏడాది ఏప్రిల్‌లో ఇమాజినేషన్ టెక్నాలజీస్ పరిస్థితి అలా లేదు. గ్రాఫిక్స్ చిప్ డిజైన్లను లైసెన్సుకిచ్చే ఈ బ్రిటిష్ కంపెనీకి దాదాపు సగం ఆదాయం ఆపిల్ కట్టే రాయల్టీలే. రెండేళ్ల లోపు మీ టెక్నాలజీ వాడటం ఆపేస్తామని ఆపిల్ చెప్పిందని కంపెనీ ప్రకటించగానే షేరు ఒక్క రోజులో 60 శాతానికి పైగా కూలింది. కొన్ని నెలల్లోనే, సెప్టెంబరులో, కంపెనీ 55 కోట్ల పౌండ్లకు అమ్ముడుపోవడానికి ఒప్పుకుంది. ఇక్కడ పెద్ద కస్టమర్‌ను తీసేసి చూస్తే మిగిలేది సగం కంపెనీయే. ఏ ఆదాయ అంచనా అయినా ఆపిల్ ఆఫీసులో ఎవరో తీసుకునే నిర్ణయానికి తోకలాంటిదే. విచిత్రం ఏమిటంటే ఈ సంగతి దాచినదేమీ కాదు. మొత్తం ఆదాయంలో 10 శాతం గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇచ్చే కస్టమర్ ఉంటే ఆ విషయం వెల్లడించాలని అంతర్జాతీయ, అమెరికా ప్రమాణాలు రెండూ చెబుతాయి. పేరు చెప్పాల్సిన పని లేదు, ఆ కస్టమర్ నుంచి వచ్చిన ఆదాయం ఎంతో చెప్పాలి. వార్షిక నివేదికలో సెగ్మెంట్ల (వ్యాపార విభాగాల) నోట్‌లో ఒక పేరా ఉంటుంది. చిన్న టెక్ కంపెనీ నివేదికలో ఒక్క పేజీ చదివే ఓపికే ఉంటే చదవాల్సింది ఆ పేజీ.

హార్డ్‌వేర్ అమ్మే చిన్న కంపెనీల లెక్క వేరు, అక్కడ నడుస్తున్న కాంట్రాక్టుల మెత్తని పరుపు ఉండదు. ప్రతి క్వార్టర్ సున్నా నుంచి మొదలవుతుంది. డిస్ట్రిబ్యూటర్ల గోడౌన్లలో సరుకు పేరుకుపోతోందా, కొన్నవాళ్ల నుంచి రావాల్సిన బకాయిలు ఆదాయం కంటే వేగంగా పెరుగుతున్నాయా అన్నవి చూడాలి. రెండూ పెరుగుతుంటే వచ్చే క్వార్టర్ అమ్మకాలను ఈ క్వార్టర్‌లోకి లాక్కొచ్చారని అనుమానం.

అంచనా ఎవరు చెబుతున్నారన్నది ఇంకో సంగతి. ఒకే కంపెనీ ఇద్దరికి రెండు అంకెలు చెప్పగలదు, అబద్ధమాడకుండానే. లిస్టయిన కంపెనీ వచ్చే క్వార్టర్‌కు ఇచ్చే అంచనా, అంటే గైడెన్స్, సాధారణంగా కాస్త తగ్గించి ఉంటుంది. చెప్పినదాన్ని దాటితే షేరు పెరుగుతుంది, తప్పితే కూలుతుంది కాబట్టి, దాటగలిగే ఎత్తులోనే కర్ర పెట్టుకుంటారు. ఏ క్వార్టర్ చూసినా గైడెన్స్‌ను 2 శాతం దాటే కంపెనీ విషయంలో, దాటడం వార్త కాదు. ఈసారి 1 శాతమే దాటితే అది వార్త. అదే యాజమాన్యం ఐదేళ్ల తర్వాతి ఆదాయం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం చెయ్యి ధారాళమవుతుంది. ఐదేళ్ల తర్వాత ఎవరూ వచ్చి అడగరు. డబ్బు సమీకరణకు బయల్దేరిన కంపెనీ చేతిలో ఉన్న స్లైడు ఇంకా ధారాళం.

అమెరికాలో 1995 నాటి చట్టం ఒకటి భవిష్యత్తు గురించి కంపెనీలు చెప్పే మాటలకు కొంత రక్షణ ఇచ్చింది. తగిన హెచ్చరికలు పక్కనే చెబితే, అంచనా తప్పినంత మాత్రాన కంపెనీ మీద కేసు నిలబడటం కష్టం. తొలిసారి షేర్లు అమ్మే ఐపీఓలకు మాత్రం ఈ రక్షణ వర్తించదు. అందుకే ఐపీఓ పత్రాల్లో రాబోయే ఏళ్ల ఆదాయం అంకెలు సాధారణంగా కనిపించవు. ఉత్త డబ్బుతో ముందు లిస్టయి తర్వాత అసలు కంపెనీని కలుపుకునే స్పాక్‌ల దారిలో ఈ అడ్డు లేదన్న వాదనతో 2020, 2021లలో ఆదాయమే లేని కంపెనీలు కూడా నాలుగైదేళ్ల తర్వాత రాబోయే ఆదాయాలను చార్టులేసి చూపాయి. వాటిలో చాలా వాటికి ఆ అంకెల దరిదాపులకు వెళ్లే అదృష్టం కలగలేదు. 2024 జనవరిలో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్ఈసీ స్పాక్‌లకు ఆ రక్షణ దొరకదని నిబంధన తెచ్చింది.

అలాంటి పత్రాల్లో తప్పకుండా కనిపించే వాదన ఒకటుంది: మొత్తం మార్కెట్ ఇన్ని వేల కోట్లు, అందులో మాకు 1 శాతం వచ్చినా చాలు. నేల విడిచి సాము అంటే ఇదే. మార్కెట్ శాతాల్లో ఎవరూ కొనరు. ఒక కంపెనీలో ఒక మేనేజరు, తన బడ్జెట్‌లోంచి, ఇప్పుడు వాడుతున్నదాన్ని పక్కనపెట్టి కొనాలి. అలాంటి మేనేజర్లు ఎంతమంది, ఒక్కొక్కరిని ఒప్పించడానికి ఎన్ని నెలలు, ఎంత ఖర్చు అన్నది కింది నుంచి లెక్క వేసుకుంటూ రావాలి. పై నుంచి దిగిన అంకె చేసే పని ఒక్కటే, చదివేవాడి మనసులో ఒక పెద్ద సంఖ్యను నాటడం.

మోసం చేయాలనే ఉద్దేశం లేకపోయినా అంచనాలు పైకే ఎందుకు ఒరుగుతాయన్నదానికి మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, అమోస్ ట్వెర్‌స్కీ 1970లలోనే కారణం చూపారు. ఒక పని లోపల ఉన్నవాళ్లు దాని దశలను ఒక్కొక్కటిగా ఊహించుకుంటారు, ప్రతి దశా సవ్యంగా సాగినట్టే కనిపిస్తుంది. ఇలాంటి పనులే చేసిన మిగతావాళ్లకు ఎంత కాలం పట్టిందో చూడరు. ఇన్వెస్టరుకు ఉన్న లాభం బయట ఉండటమే. ఈ కంపెనీ గత మూడేళ్లలో ఏడాది మొదట చెప్పినదెంత, చివరికి చేసినదెంత అని రెండు వరసలు రాసుకుంటే చాలు. పాత ప్రెస్ రిలీజులు వెతికితే అరగంటలో అయిపోయే పని. ప్రొడక్ట్ విడుదల తేదీలకూ ఇదే పరీక్ష పెట్టొచ్చు, ఎందుకంటే ఆదాయం తప్పడానికి చాలాసార్లు అసలు కారణం ఆలస్యంగా వచ్చిన ప్రొడక్టే.

అమ్మే పద్ధతి మారినప్పుడు ఆదాయం అసలు పరిస్థితికి ఎదురు దిశలో నడవడం కూడా ఉంటుంది. దీనికి తెలిసిన ఉదాహరణ పెద్ద కంపెనీదే. అడోబీ తన సాఫ్ట్‌వేర్‌ను డబ్బాల్లో అమ్మడం మానేసి నెలవారీ సబ్‌స్క్రిప్షన్లకు మారినప్పుడు, 2012లో 440 కోట్ల డాలర్లున్న ఆదాయం 2013లో 406 కోట్లకు తగ్గింది. ఒకేసారి వచ్చే డబ్బు నెలలకు పంచుకుపోయింది, వ్యాపారం చెడిపోలేదు. చిన్న కంపెనీ ఇదే దారి పట్టినప్పుడు ఆదాయ అంచనా తగ్గించడం చూసి భయపడాలా వద్దా అన్నది కాంట్రాక్టుల విలువను చూస్తే తెలుస్తుంది. కాకపోతే అడోబీకి ఆ రెండేళ్లు తట్టుకునే డబ్బుంది. చిన్న కంపెనీకి ఉండకపోవచ్చు, అప్పుడు సరైన నిర్ణయమే ప్రాణం మీదికి తెస్తుంది.

ఎదురు వైపు ఉదాహరణ అమెరికా సాఫ్ట్‌వేర్ కంపెనీ మైక్రోస్ట్రాటజీ. 2000 మార్చి 20న తన పాత లెక్కలను సవరించుకుంటున్నానని ప్రకటించిన రోజున దాని షేరు 62 శాతం పడిపోయింది. ఏళ్ల తరబడి సేవలు అందించాల్సిన ఒప్పందాల డబ్బును ముందే ఆదాయంగా రాసుకున్నారు. 1999 ఆదాయం 20.5 కోట్ల డాలర్లుగా చెప్పింది కాస్తా 15.1 కోట్లకు దిగింది. వృద్ధి అంచనాలన్నీ ఆ మొదటి అంకె మీద కట్టినవే. ఇప్పటి ప్రమాణాలు అప్పటికంటే బిగువైనవే అయినా, సాఫ్ట్‌వేర్ లైసెన్స్, సర్వీసు, సపోర్టు కలిపి ఒకే ధరకు అమ్మినప్పుడు ఏ భాగం ధర ఎంతన్నది ఇప్పటికీ యాజమాన్యం అంచనాయే. నోట్స్‌లో ఈ పద్ధతి మారిందని రాసి ఉంటే, ఆ ఏడాది వృద్ధి శాతాన్ని ఒకటికి రెండుసార్లు చూడాలి.

ఏడాది నడుస్తున్నప్పుడు అంచనాను ఎలా పరీక్షించాలో పై ఊహా కంపెనీతోనే చూడొచ్చు. మొదటి క్వార్టర్ ఆదాయం 29, రెండోది 31 వచ్చాయి. యాజమాన్యం ఏడాది అంచనా 140ని మార్చలేదు. హెడ్‌లైన్‌లో గైడెన్స్ యథాతథం అని ఉంటుంది, వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కానీ మిగిలిన రెండు క్వార్టర్లలో 80 రావాలి. మూడోది 38, నాలుగోది 42 అనుకున్నా, 31 నుంచి 38కి ఒక్క క్వార్టర్‌లో 23 శాతం ఎగరాలి. సబ్‌స్క్రిప్షన్ ఆదాయం అలా ఎగరదు, మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. కాబట్టి మార్చని అంచనా కూడా మారిన అంచనాయే, అందులోని ఖాయమైన భాగం తగ్గి ఆశ భాగం పెరిగింది. టెన్షన్ పడాల్సింది ఇక్కడ. తీరా మూడో క్వార్టర్‌లో అంచనా తగ్గించినప్పుడు అందరూ ఉలిక్కిపడతారు.

ఆ ఉలికిపాటు ఖరీదు ఆదాయంలో పడిన లోటుతో పోలిస్తే చాలా ఎక్కువ. 140 వస్తుందన్న నమ్మకంతో మార్కెట్ ఆ కంపెనీకి ఆదాయానికి 8 రెట్లు విలువ కట్టిందనుకుంటే అది 1,120. చివరికి వచ్చింది 128. లోటు 9 శాతం కూడా లేదు. కానీ వృద్ధి నెమ్మదించిందని తేలాక 8 రెట్లు ఇచ్చే మార్కెట్ 5 రెట్లే ఇస్తే విలువ 640. పడిపోయింది 43 శాతం. ఆదాయం తగ్గడం ఒక దెబ్బ, గుణకం తగ్గడం రెండో దెబ్బ, రెండూ హెచ్చవేసుకుంటాయి.

లాభాల్లో లేని కంపెనీ అయితే మూడో దెబ్బ ఉంది. అనుకున్న ఆదాయం రాకపోతే చేతిలోని నగదు ముందే అయిపోతుంది, పడిపోయిన ధర దగ్గర కొత్త షేర్లు అమ్ముకోవాలి. షేర్ల సంఖ్య 20 శాతం పెరిగితే, 28 శాతం పెరిగిన ఆదాయం ఒక్కో షేరుకు లెక్కేస్తే 7 శాతం కూడా పెరగలేదని తేలుతుంది. ఆదాయ అంచనా చదివేటప్పుడే దాని పక్కన, ఈ ఆదాయం రాకపోతే నగదు ఎన్ని నెలలు సరిపోతుంది అన్న అంకె కూడా రాసుకోవాల్సింది ఇందుకే. ఎన్ని నెలలున్నాయన్నదాన్ని బట్టి ఒకే 128 ఒక కంపెనీకి ఒక చెడ్డ ఏడాది అవుతుంది, ఇంకో కంపెనీకి ఆఖరి ఏడాది అవుతుంది.

అన్నీ ఇలా అనుమానంతో చూస్తే మంచి కంపెనీలు చేజారవా అంటే, చేజారతాయి. అంచనాలు ఒక్కోసారి తక్కువ వైపు కూడా తప్పుతాయి. ప్రొడక్ట్ ఒకరి నోటి నుంచి మరొకరికి పాకి, సేల్స్ టీమ్ అవసరం లేకుండానే కస్టమర్లు వచ్చిపడుతుంటే, మనిషికి 3.6 అన్న పై లెక్క ఎందుకూ పనికిరాదు. ఆ సూచనలు కూడా ఇవే అంకెల్లో ఉంటాయి: వెళ్లిపోయేవాళ్లు తగ్గుతారు, పాత కస్టమర్లు ఏటా ఎక్కువ కొంటారు, ఒక కస్టమర్‌ను తేవడానికయ్యే ఖర్చు పడిపోతుంది. ఇవి రెండు మూడు క్వార్టర్లు వరసగా కనిపిస్తే యాజమాన్యం చెప్పినదానికంటే ఎక్కువే ఊహించుకోవచ్చు.

కొన్ని కంపెనీల్లో ఈ అంకెలు ఉన్నట్టుండి మాయమవుతాయి. నాలుగేళ్లుగా ప్రతి క్వార్టర్ కస్టమర్ల సంఖ్య చెప్పిన కంపెనీ, ఇకపై అది వ్యాపారాన్ని సరిగ్గా ప్రతిబింబించదంటూ చెప్పడం మానేస్తుంది. దాని స్థానంలో కొత్త పేరుతో కొత్త కొలత వస్తుంది, అది పెరుగుతూ ఉంటుంది. ఆదాయ అంచనా మాత్రం అలాగే ఉంటుంది. పాత అంకె చివరిసారి ఎంత ఉందో, అంతకు ముందు రెండు క్వార్టర్లలో ఏ వైపు కదిలిందో చూసి, 36గా వేసుకున్న కొత్త అమ్మకాలను 30కి దించి లెక్క మళ్లీ వేయడం మంచిది. 128 అప్పుడు 125 అవుతుంది.